చేపల రేవుకు వెళ్లే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి

మీరు అడిగింది ఇది: సెలవులకు నాలుగు రోజులు సముద్రతీరంలో ఉంటారు. దగ్గర్లో పాతకాలపు చేపల రేవు ఉంది. తొమ్మిదేళ్ల పాపకీ, ఆరేళ్ల బాబుకీ అది చూపించాలి. ఇంతకుముందు ఒకసారి ఇలాంటి రేవుకే పొద్దున పదకొండింటికి వెళ్తే కట్టేసిన పడవలు, వాసన తప్ప ఏమీ కనిపించలేదు, పది నిమిషాల్లో తిరిగొచ్చేశారు. ఈసారి ఎప్పుడు వెళ్లాలి, ఏం చూడాలి, పనిచేసుకునేవాళ్లకు అడ్డం పడకుండా ఎలా ఉండాలి?

నేను పడవ మీద కలాసీగా తొమ్మిదేళ్లు, ఆ తర్వాత ఒడ్డున దిగిన చేపల లెక్కలు రాసే పనిలో పందొమ్మిదేళ్లు ఉన్నాను. రేవు చూడ్డానికి వచ్చి నిరాశగా వెళ్లిపోయినవాళ్లను కొన్ని వందల మందినైనా చూసి ఉంటాను. ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. ఇంకో గంట ఆగితేనో, మూడు గంటలు ముందొస్తేనో ఎంత చూసేవాళ్లో కదా అనిపించేది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

కిందటిసారి మీకు వేళ తప్పింది, అంతే. రేవు మ్యూజియం కాదు కదా, పదింటికి తెరిచి అయిదింటికి మూయడానికి. అక్కడి పనికి వేళ పెట్టేది సముద్రం. చాలా తీరాల్లో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు ఉదయం 6 గంటలకు నీరు నిండుగా ఉంటే, రేపు 6.50 ప్రాంతంలో, ఎల్లుండి 7.40 ప్రాంతంలో నిండుతుంది. పాత రేవులు చాలావరకు లోతు తక్కువవి. ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేసి ఉంటుంది. నీరు ఎక్కినప్పుడే పడవ దాన్ని దాటి లోపలికి రాగలదు. కాబట్టి మొదటిరోజు ఎవరో చెప్పిన 'ఆరింటికి వస్తాయి' అన్న మాట పట్టుకుని నాలుగోరోజు వెళ్తే గంటలకొద్దీ ఎదురుచూడాల్సి రావచ్చు.

ఆటుపోట్ల పట్టిక ఫోన్‌లోనే దొరుకుతుంది. దాంతోపాటు చంద్రుణ్ణి కూడా చూసుకోండి. పౌర్ణమి, అమావాస్యల తర్వాత ఒకటి రెండు రోజులకు పోటు బాగా పెద్దదిగా, ఆటు బాగా లోతుగా ఉంటాయి. అష్టమి దరిదాపుల్లో రెండింటికీ తేడా తక్కువ. ఊరిని బట్టి కూడా ఇది చాలా మారుతుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో ఆటుకూ పోటుకూ మధ్య తేడా 16 మీటర్ల దాకా వెళ్తుంది. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు. అలాంటి చోట పట్టిక చూసి ప్రయోజనం లేదు, గాలిని అడగాలి.

గాలి సంగతీ చెబుతాను. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, అందువల్ల తెల్లవారుజామున గాలి నేలమీంచి సముద్రం వైపు వీస్తుంది. ఎండెక్కాక నేల వేడెక్కి, గాలి సముద్రం మీంచి ఒడ్డుకు మళ్లుతుంది. తెరచాప పడవల కాలంలో చీకటితో వెళ్లడానికి ఆ గాలి, మధ్యాహ్నం ఇంటికి రావడానికి ఈ గాలి వాడుకునేవాళ్లు. ఇంజన్లు వచ్చి ఎన్నో ఏళ్లయినా చాలా చిన్న పడవలు ఇప్పటికీ ఆ వేళలనే పాటిస్తాయి. అలలు తక్కువగా ఉండేదీ అప్పుడే, పొద్దున్నే అమ్ముకోవడానికి వీలయ్యేదీ అప్పుడే.

పట్టిక చూసినా, చంద్రుణ్ణి చూసినా, చివరికి మనిషిని అడగాలి. మీరు దిగిన సాయంత్రమే ఒకసారి రేవు దాకా నడిచి వెళ్లండి. వల ముందేసుకుని కూర్చున్న పెద్దాయన ఎవరో ఒకరు ఉంటారు. 'రేపు పడవలు ఎన్నింటికి దిగుతాయండీ, పిల్లలకు చూపించాలి' అంటే చాలు. ఆయన సమయం ఒక్కటే చెప్పి ఊరుకోడు, ఎక్కడ నిలబడాలో కూడా చూపిస్తాడు. పైగా మర్నాడు మీరు కొత్తవాళ్లు కారు.

ఒక్కోసారి పడవలు అసలు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపేసే నిషేధం ఉండవచ్చు. ప్రయాణం ఖాయం చేసుకునే ముందే ఆ తేదీలు కనుక్కోండి. దీపాలు వెలిగించి స్క్విడ్‌లనూ చిన్న చేపలనూ పట్టే పడవలు పౌర్ణమి రాత్రుల్లో ఒడ్డునే ఉంటాయి, వెన్నెల్లో దీపం వెలుగుకు బలం ఉండదు కాబట్టి. గాలి ఉంటే చిన్న పడవలు ఆగిపోతాయి. వాతావరణ సూచనల్లో బ్యూఫోర్ట్ 6 అని కనిపిస్తే గాలి గంటకు సుమారు 39 నుంచి 49 కిలోమీటర్ల వేగంతో వీస్తుందని అర్థం. ఆరోజు రేవంతా పడవలతో కిక్కిరిసి ఉంటుంది, దిగే చేప మాత్రం ఉండదు. అయినా సరే వెళ్లండి. నా మటుకు నాకు అదే మంచిరోజు. ఎవరికీ తొందర ఉండదు, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, పిల్లలు అడిగే ప్రతిదానికీ జవాబు దొరుకుతుంది.

ఇక రేవులోకి వచ్చాక. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, నాలుగు ఫొటోలు తీసి వెళ్లిపోవడమే అందరూ చేసే పని. అలా చేయకండి. ఒకచోట నిలబడి ఒక్క పడవను ఎంచుకోండి. అది లోపలికి వచ్చినప్పటి నుంచి కడుగుకునే దాకా దాన్నే చూడండి. గంటన్నరో రెండు గంటలో పడుతుంది. పది పడవల్ని పైపైన చూసినదానికంటే ఇందులో ఎన్నో రెట్లు కనిపిస్తుంది.

దూరంగా ఉన్నప్పుడే పడవ ఎంత మునిగి వస్తోందో చూడండి. పక్కకు వేసిన రంగుల పట్టీలు నీళ్లలోకి దిగిపోయి ఉంటే లోపల బరువుంది. వెనక పక్షుల గుంపు ఉంటే, దారిలోనే ఏరుతూ పనికిరానివి బయటకు విసురుతున్నారన్నమాట. దగ్గరికొచ్చాక పడవ నడిపే సరంగు ఇంజన్ తగ్గించి, ఒక్కోసారి వెనక్కి తిప్పి, గట్టును తాకీ తాకనట్టు ఆపుతాడు. పడవకు బ్రేకులు ఉండవు, పక్కనుంచి గాలి తోస్తూ ఉంటుంది, అటూ ఇటూ చెయ్యెడంలో వేరే పడవలు. ఆ ఒక్క నిమిషం పని నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. పిల్లలకు ఆ మనిషి చేతుల్ని చూపించండి.

తర్వాత పడవ కడుపులోని ఐసు గది తెరుస్తారు. చేపల మధ్య కరుగుతున్న ఐసు పొరలు పొరలుగా ఉంటుంది. ఐసు కరుగుతూ ఉండటమే దాని పని. కరిగేటప్పుడు అది చేపలోని వేడిని లాగేసుకుంటుంది, ఆ చల్లటి నీరు చేపల సందుల్లోంచి కిందికి జారుతూ గట్టి ముక్క తాకలేని చోటును కూడా చల్లబరుస్తుంది. చేప సున్నా డిగ్రీల దగ్గర ఉన్నంతసేపూ పాడయ్యే వేగం బాగా తగ్గుతుంది. అందుకే బుట్ట బయటపడిన క్షణం నుంచీ అందరూ పరుగుల మీద ఉంటారు. వాళ్లు మిమ్మల్ని పలకరించకపోతే కోపమనుకోకండి. ఎండలో ఒక్కో నిమిషం వాళ్ల రాబడిలోంచి పోతోంది.

గట్టు మీద రకాలు, సైజులు ఏరుతారు. ఇక్కడ పని ఎవరు చేస్తున్నారో గమనించండి. ఏరడం, శుభ్రం చేయడం, ఎండబెట్టడం, అమ్మడం కలిపి చూస్తే ప్రపంచవ్యాప్తంగా చేపల రంగంలో దాదాపు సగం మంది ఆడవాళ్లే. పడవ ఫొటోల్లో వాళ్లు కనిపించరు. కళ్లతో చూడకుండానే వేళ్లతో చేపను గుర్తుపట్టే ఆ వేగం చూసి తీరాలి.

వేలం చాలాచోట్ల ధర పెంచుకుంటూ పోతుంది. కొన్ని రేవుల్లో ఎక్కువ ధర దగ్గర మొదలుపెట్టి కిందికి దించుతారు, ముందు ఆపినవాడికే సరుకు. పాడయ్యే సరుకుకు ఈ పద్ధతి నప్పుతుంది, ఒకే ఒక్క కేకతో లాటు తేలిపోతుంది. కొనేవాళ్లు చేతి వేళ్లతోనో, తల ఊపుతోనో పాడతారు. కాబట్టి వేలం వలయంలో నిలబడి ఎవరికో చెయ్యి ఊపకండి. నాలుగడుగులు వెనక ఉండండి. టోక్యోలోని సుకిజీ మార్కెట్‌లో ట్యూనా వేలానికి జనం తాకిడి పెరిగి పనికే అడ్డం కావడంతో చూసేవాళ్ల సంఖ్యను కట్టడి చేయాల్సి వచ్చింది. 2018 అక్టోబరులో మార్కెట్ టొయొసు అనే చోటికి మారాక సందర్శకులకు అద్దాల వెనక గ్యాలరీ పెట్టారు. చిన్న రేవుల్లో ఆ అద్దం లేదు, ఉండకూడదనే నా కోరిక. అది మన నడవడిక మీదే ఆధారపడి ఉంది.

ఒక ప్రశ్న మాత్రం అడగకండి: 'ఈరోజు ఎంత పడింది?' ఊరికే అడిగినట్టే ఉంటుంది. కానీ చాలా రేవుల్లో కలాసీలకు నెలజీతం ఉండదు. అమ్మిన డబ్బులోంచి డీజిల్, ఐసు ఖర్చు తీసేసి, మిగిలింది పడవకింత, వలకింత, మనిషికింత అని వాటాలు వేసుకుంటారు. ఖర్చు పోగా ఏమీ మిగలని రోజులు నేనెన్నో చూశాను. ఆరోజు ఆ ప్రశ్న వినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. దానికి బదులు 'ఎన్నింటికి బయల్దేరారు?' అనండి, లేదా 'ఈ వలతో ఏం పడతాయి?' అనండి. వల గురించి అడిగితే మాట్లాడని మనిషిని నేను చూడలేదు.

వలలు పిల్లలకు మంచి పజిల్. వల కన్ను చూసి అది ఏ చేపదో ఊహించమనండి. మొప్ప వల సన్నటి దారంతో నీళ్లలో గోడలా నిలబడుతుంది. చేప తల దూర్చాక మొప్పలు పట్టేస్తాయి. కాబట్టి కన్ను సైజే చేప సైజు. పైతాడుకు బెండ్లు, కిందితాడుకు సీసపు గుళ్లు ఉంటాయి. రింగు వల గుంపును చుట్టేస్తుంది, అడుగున వరసగా ఉన్న రింగుల్లోంచి తాడు లాగితే సంచి మూతిలా మూసుకుంటుంది. ట్రాల్ వల గరాటులా ఉంటుంది. పడవ వెనక వేలాడే రెండు బరువైన పలకలు దానివే, నీళ్లలో అవి చెరోవైపుకు విప్పారి వల నోరు తెరిచి ఉంచుతాయి. నైలాన్ గురించి లోకానికి తెలిసింది 1938లో. అంతకుముందు వలలు నూలు, జనపనార వంటివాటితో అల్లేవాళ్లు. అవి కుళ్లిపోకుండా చెట్టుబెరడు కషాయంలో ముంచి, ప్రతి వేటకూ ఎండబెట్టాల్సి వచ్చేది. పాత రేవుల్లో ఎత్తయిన కొయ్యగుంజలు, పొడవాటి మిద్దెగదులు ఇంకా మిగిలి ఉంటే, అవి దేనికో ఇప్పుడు మీకు తెలుసు.

ఆటు వేళ కూడా ఒకసారి వెళ్లండి. నీరు తీసేసిన రేవులో పడవలు బురదలో పక్కకు ఒరిగి కూర్చుంటాయి. ఎప్పుడూ నీళ్లలో దాగి ఉండే చుక్కాని, పంకా, అడుగు దూలం అన్నీ బయటపడతాయి. పలకలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి మెట్లలా ఉన్నాయా, అంచుకు అంచు కలిసి నున్నగా ఉన్నాయా చూడండి. పడవ కట్టడంలో ఇవి రెండు వేర్వేరు సంప్రదాయాలు. అయితే బురదలోకి మాత్రం దిగొద్దు. పైకి గట్టిగా కనిపించి మోకాళ్ల దాకా లాగేస్తుంది, నీరు మనం అనుకున్నదానికంటే త్వరగా తిరిగొస్తుంది.

వాసన సంగతి కూడా రాశారు. తాజా చేపకు మీరు భయపడే ఆ వాసన ఉండదు. నాచు వాసనలాంటిది, లేతగా ఉంటుంది. చేప చచ్చిపోయాక దాని కండలో ఉన్న ఒక పదార్థాన్ని బాక్టీరియా మార్చేసి ట్రైమిథైలమీన్ తయారుచేస్తాయి. ముక్కు మూసుకునేలా చేసేది అదే. కాబట్టి రేవు వాసన దిగుతున్న చేపలది కాదు, పగుళ్లలో ఇరుక్కుపోయిన పాతవాటిది. తెల్లవారుజామున, ఇంకా ఎండెక్కకముందు, గాలి మీ వీపుకు తగిలేలా నిలబడితే పిల్లలకు పెద్దగా తెలియదు. వాళ్ల ముందు ముక్కు మూసుకోకండి. మీరు మూస్తే వాళ్లూ మూస్తారు, అక్కడ పనిచేసేవాళ్లు అది చూస్తారు.

ఇప్పుడు ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి భద్రత. ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదవండి. నేను పడవెక్కిన రెండో ఏడాది, గట్టుకు కట్టిన మోకు అలకు బిగుసుకుని తెగింది. అంతకు రెండు నిమిషాల ముందు దాని మీంచి దాటి వెళ్లాను. తెగిన కొస కొరడాలా వెనక్కి వచ్చి నా తోటి కలాసీ కాలి ఎముక విరగ్గొట్టింది. అతను మళ్లీ పడవెక్కడానికి ఏడాది పట్టింది. బిగిసి ఉన్న మోకు మీంచి దాటకూడదు, దాని వరసలో నిలబడకూడదు. వదులుగా నేల మీద చుట్టలా పడి ఉన్న తాడు మధ్యలో కాలు పెట్టకూడదు, ఏ క్షణాన ఎవరు లాగుతారో తెలియదు. ఈ మాట పిల్లలకు రేవులో కాదు, బయల్దేరకముందే గదిలో చెప్పండి.

రేవు గట్టుకు పిట్టగోడ ఉండదు. బాబు చెయ్యి వదలొద్దు. గట్టు అంచుకూ పడవకూ మధ్య సందు అలతో తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది, అక్కడ పడితే ఈత వచ్చినా లాభం లేదు. పడవలు లాగే వాలుగట్టు మీద ఆకుపచ్చగా ఉన్న చోటు నాచు, దాని మీద అడుగు వేయొద్దు. వెనక్కి వచ్చే బండ్లను చూసుకోండి, చేపల పెట్టెలు మోసేవాడికి ఎదురుగా ఏముందో కనబడదు. వలలోంచి రాలిపడినవాటిని ముట్టుకోనివ్వొద్దు. జెల్లీఫిష్ చచ్చాక కూడా కుడుతుంది, టేకు చేప తోక ముల్లు, జెల్ల రెక్క ముల్లు కూడా అంతే ప్రమాదం. పాదాలు మూసుకునే, జారని బూట్లు వేయండి. చెప్పులొద్దు.

ఫొటోల విషయం రెండు మాటల్లో. పడవల్ని ఇష్టమొచ్చినట్టు తీసుకోండి. మనుషుల్ని అడిగి తీయండి, ఏరుతున్న ఆడవాళ్లనైతే ముందు మాట కలిపి ఆ తర్వాతే అడగండి. వద్దంటే మళ్లీ అడగొద్దు. పక్షులకు తిండి వేయొద్దు, అవి తర్వాత గట్టు మీది పెట్టెల మీద పడతాయి.

కొన్ని పాత రేవులు మీరు వెళ్లేసరికి బొమ్మల్లా అందంగా, ఖాళీగా ఉండవచ్చు. అక్కడ ఎందుకు ఖాళీ అని అడగడానికి సంకోచించకండి. కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేప అంతరించేంతగా తగ్గిపోవడంతో 1992 జూలైలో ప్రభుత్వం ఆ వేటనే ఆపేసింది, అయిదు వందల ఏళ్లుగా దాని మీద బతికిన రేవుల్లో పడవలు ఒక్కసారిగా ఆగిపోయాయి. మీ పాప తొమ్మిదేళ్లది, ఈ కథ ఆమెకు అర్థమవుతుంది. వల కన్ను ఎందుకు పెద్దగా ఉండాలి, నిషేధం రోజుల్లో ఎందుకు ఆగాలి అన్నది దాంతోనే చెప్పవచ్చు.

ఒక సాయంత్రం చీకటి పడ్డాక కూడా దూరంగా, దీపాలున్న చోట నిలబడి చూడండి. పడవకు ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ దీపం ఉంటుంది. రెండూ కనిపిస్తే పడవ నేరుగా మీ వైపే వస్తోంది. ఎరుపు ఒక్కటే కనిపిస్తే దాని ఎడమ పక్క మీకు తిరిగి ఉంది. స్తంభం మీద ఆకుపచ్చ పైన, తెలుపు కింద ఉంటే ట్రాల్ వల లాగుతున్న పడవ. ఎరుపు పైన, తెలుపు కింద ఉంటే వేరే వలో గాలాలో వేసి ఉంది. ఇవి 1972లో దేశాలు కలిసి ఒప్పుకున్న నియమాలు, ఏ సముద్రంలోనైనా ఒకటే. రేవు ముఖద్వారం దీపాలు మాత్రం రెండు రకాలు. సముద్రంలోంచి లోపలికి వచ్చేటప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల ఎడమవైపు ఎరుపు ఉంటుంది, అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్‌లలో కుడివైపు ఉంటుంది. పాపకు ఈ లెక్క ముందే నేర్పి ఉంచండి. చీకట్లో మొదటి పడవ కనిపించగానే అది ఎటు తిరిగిందో మీకంటే ముందు తనే చెబుతుంది.